మనం తిట్టుకునే బోరు నీళ్లే వాటికి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంట్లో ఆక్వేరియం పెట్టుకోవడం గురించి ఒక పేజీ వేశారు కదా, ఫోటోలు బాగున్నాయి, కాని ఆఫ్రికన్ సిక్లిడ్స్ అనే రంగురంగుల చేపల గురించి రాసిన ఆ నాలుగు లైన్లు చదివి టీ గ్లాసు పక్కన పెట్టేశా. రెండడుగుల ట్యాంకులో గోల్డ్ ఫిష్‌తో కలిపి పెంచుకోవచ్చంట, ఆర్వో నీళ్లు పోస్తే ఎక్కువ కాలం బతుకుతాయంట. ఏడేళ్లుగా వీటితో తిప్పలు పడుతున్నవాణ్ణి, మీ పేజీ చదివి ఎవరైనా షాపుకి పోయి ఓ పది చేపలు తెచ్చుకుంటే నెల తిరిగేసరికి ఎన్ని మిగులుతాయో నాకు తెలుసు, అందుకే రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. గీజర్ కాయిల్ మార్చి మార్చి విసుగొచ్చింది, బకెట్లన్నిటికీ తెల్లటి పొర, సబ్బు నురగ రాదు, పప్పు ఓ పట్టాన ఉడకదు. నేను పెంచే ఆఫ్రికన్ సిక్లిడ్స్, అంటే మలావీ చేపలకి మాత్రం ఈ నీళ్లు బ్రహ్మాండం. అవి పుట్టింది తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో, 700 మీటర్ల లోతుండే మంచినీటి సరస్సు అది, మంచినీరే అయినా క్షారగుణం ఎక్కువ, దాన్ని కొలిచే పీహెచ్ 8 అటూఇటూగా ఉంటుంది. ఆర్వోలో ఆ పీహెచ్‌ని పట్టి ఉంచే ఖనిజాలే పోతాయి, రోజులు గడిచేకొద్దీ అది కిందకి జారిపోతుంది. మొదట్లో షాపతను నాకు ఆర్వో నీళ్లు పోయమన్నాడు, తర్వాత వారం దాంట్లో కలపడానికి ఒక సాల్ట్ ప్యాకెట్ అమ్మాడు, అంటే ఒకచోట డబ్బులిచ్చి తీయించుకున్నదాన్నే ఇంకోచోట డబ్బులిచ్చి వేసుకున్నా అన్నమాట. అలాగని ప్రతి బోరూ పనికొస్తుందని కాదు, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండే నీళ్లు వద్దు, పీహెచ్, హార్డ్‌నెస్ చూసే కిట్ షాపుల్లో దొరుకుతుంది, ఒకసారి చూసుకుంటే సరి. నల్లా నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేయాలి.

ఇంకోటి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఇంకా విషం. ఫిల్టర్‌లో దాన్ని తినే బాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మనవాళ్లేమో పొద్దున ట్యాంకు కొని సాయంత్రానికి చేపలు వదిలేస్తారు. పోనీ అది దాటి బతికాయే అనుకోండి, నెలకోసారి చేపల్ని బకెట్లో వేసి ట్యాంకు, రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ అన్నీ కుళాయి కింద తళతళా తోమేస్తారు, ఆ బాక్టీరియా కాస్తా పోయి మళ్లీ కథ మొదటికే. వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు, తీసిన నీళ్లు మా కరివేపాకు కుండీకి పోస్తాం.

గోల్డ్ ఫిష్ సంగతి అసలు మాట్లాడకూడదు. బండల మధ్య బతికే ఈ రకాల్ని అక్కడ ఎంబూనా అంటారు, ప్రతి మగదానికీ ఒక సందు కావాలి, దాని కోసం కొట్టుకు చస్తాయి. నాలుగడుగుల ట్యాంకు, అంటే సుమారు 250 లీటర్లు, అంతకంటే తక్కువలో వద్దనే నా మాట. వింతేంటంటే నాలుగైదు చేపలే ఉంటే ఒకడు మిగతావాళ్లని మూలకి తోసి చంపేస్తాడు, అదే గుంపుగా ఉంటే ఎవణ్ణి తరమాలో తేలక సర్దుకుంటాడు. ఒక మగకి మూడు నాలుగు ఆడవి ఉండాలి. నేను కడప బండ ముక్కలు తెచ్చి ఇసక మీద గుహల్లా పేర్చా, ఇవి కింద ఇసక తవ్వి తవ్వి ఒక రాత్రి దఢేల్మని కూల్చేశాయి, అద్దం పగల్లేదు నా అదృష్టం. బండలు ముందు పెట్టి ఇసక తర్వాత పోయాలని అప్పుడు తెలిసింది. తిండి కూడా అంతే, ఇవి చాలావరకు రాళ్ల మీద నాచు గీక్కుని తినే జాతి, ప్రేమ కొద్దీ రోజూ బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు వేస్తే పొట్ట ఉబ్బిపోయి పోతాయి, నా చేతుల్లో రెండు అలాగే పోయాయి.

అసలు వీటిని ఎందుకు పెంచుతున్నానో చెప్పాలి. రెండో ఏడు ఎల్లో ల్యాబ్ అనే పసుపు రంగు మలావీ చేపల్లో ఒక ఆడది తిండి మానేసింది, దవడ కింద ఉబ్బి గవదబిళ్లలొచ్చినట్టు ఉంది, మూల నుంచి కదలదు, ఏదో రోగం అనుకుని మందు కూడా వేసేశా. మూడు వారాలకి ఒక పొద్దున లైటు వేస్తే బండ దగ్గర బియ్యపు గింజంత పిల్లలు ఓ పదిహేను, పక్క చేప ఇటు తిరగ్గానే అది నోరు తెరిచింది, కొన్ని మళ్లీ లోపలికి దూరిపోయాయి. గుడ్లు పెట్టగానే నోట్లో పెట్టుకుని, అన్ని రోజులూ నిండుగా తినకుండా మోసిందన్నమాట. మా అత్తయ్యగారు అప్పటిదాకా "చేపలకి ఇంత కరెంటు బిల్లా అల్లుడూ" అనేవారు, ఆ రోజు నుంచి దానికి బాలింత అని పేరు పెట్టి, లైటు తొందరగా ఆర్పేయమనేవారు. మనం మార్కెట్లో కిలో లెక్కన కొనే తిలాపియా కూడా ఈ కుటుంబమేనండి అది కూడా ఇలాగే నోట్లో పొదుగుతుంది అని చెప్పానో లేదో, ఇంట్లో తిలాపియా పులుసు బంద్.

తిలాపియా అంటే గుర్తొచ్చింది, అది కూడా ఆఫ్రికా చేపే, 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అది లేని చెరువు వెతుక్కోవాలి. మీరు ఈసారి రాసేటప్పుడు, చేపలు ఎక్కువైతే చెరువులో వదలకండి, షాపుకే తిరిగి ఇవ్వండి అని ఒక్క లైను వేయండి. ఆక్వేరియం అద్దానికి అతుక్కుని ఉండే సక్కర్ చేప అలా వదిలిందే, ఇప్పుడు దెయ్యం చేప అని జాలర్లు వలలు చిరిగి ఏడుస్తున్నారు.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. కాకపోతే మీరు వేసిన ఆ పెద్ద ఫోటో ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి, కుడి పక్క నీలం చేప వెనక ఉన్న గోల్డ్ ఫిష్‌కి తోక అప్పటికే సగం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, నిజాంపేట