అవౌడ్ మీద నీ కోపం సంగతి

ఒరేయ్ శీనూ,

అబ్సిడియన్ కంపెనీ చేసిన అవౌడ్ అనే వీడియోగేమ్ మీద నువ్వు పంపిన తిట్లన్నీ ఓపిగ్గా చదివాను. 2006లో వచ్చిన ఆబ్లివియన్ ఆటలో రొట్టెముక్క దొంగిలించినా కాపలావాడు వెంటపడతాడు, 2025లో వచ్చిన దీంట్లో ఇంటివాడి కళ్లముందే పెట్టె ఖాళీ చేసినా వాడు కిక్కురుమనడు అన్నావు. నిజమే. రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టిన ఆ వీడియోలు ఆట విడుదలైన వారంలోనే ఊరంతా తిరిగాయి. అక్కడిదాకా నీతో పేచీ లేదు. "బద్ధకం, డబ్బు నొక్కేశారు" అన్నావు చూడు, అక్కడే ఆగాను.

కాపలావాడు వెంటపడాలంటే తెర వెనక ఏమేం కావాలో చూడు. ఊళ్లో ఉన్న ప్రతి గిన్నెకీ, ప్రతి పెట్టెకీ ఓనరెవరో డేటాలో రాసి ఉండాలి. ఎవరు చూశారో ఆటని నడిపే ఇంజన్ (సాఫ్ట్‌వేర్) లెక్కగట్టాలి: దూరమెంత, మధ్యలో గోడ ఉందా, చీకటా, నువ్వు వంగి నడుస్తున్నావా. చూసినవాడు అరవాలి, ఆ అరుపులన్నీ రికార్డు చేయించాలి. తర్వాత జరిమానా, జైలు, లాక్కున్న సామాను దాచే చోటు, బయటికొచ్చే దారి. ఇవన్నీ చేసిపెట్టాక అసలు తలనొప్పి మొదలవుతుంది. కథకి కీలకమైన క్వెస్ట్ (ఆటలో నీకప్పగించే పని) ఇచ్చే మనిషే నీ దొంగతనం చూసి కత్తి దూశాడనుకో, వాణ్ని నువ్వు చంపేశావనుకో, మిగతా కథ ఎలా నడవాలి? ఆబ్లివియన్ దీనికి పెట్టుకున్న అడ్డుకట్ట ఏంటంటే, అలాంటివాళ్లు చావరు. పడిపోతారు, కాసేపటికి లేచి నడిచిపోతారు. మనుషులకి దినచర్య పెడితే ఇంకో చిక్కు: ప్రతి క్వెస్ట్‌నీ పగలోసారి, రాత్రోసారి, కొట్టు మూసి ఉన్నప్పుడోసారి, మనిషి దారిలో ఉన్నప్పుడోసారి టెస్ట్ చేయాలి. టెస్టింగ్ గంటలు నాలుగింతలవుతాయి. అంత చేసిన ఆబ్లివియన్ ఎక్కడ పొదుపు చేసిందో గుర్తుందా? గొంతుల్లో. ఊరంతా కలిపి గుప్పెడుమంది నటులే. బిచ్చగాడు ఒక ముక్క ఒక గొంతుతో, తర్వాతి ముక్క ఇంకో గొంతుతో మాట్లాడతాడు. దాన్ని ఇప్పుడు ముద్దుగా చెప్పుకుంటున్నాం గానీ, అదీ బడ్జెట్ చేసిన పనే.

అవౌడ్ ఆ డబ్బుని వేరేచోట పెట్టింది. గోడలెక్కి దూకడం, దెబ్బ తగిలినప్పుడు వచ్చే ఊపు, కొండసందుల్లో చేత్తో పెట్టిన పెట్టెలు, నీ పాత్ర నేపథ్యాన్ని బట్టి మారే సంభాషణలు. ఒకే పెద్ద ప్రపంచం కాకుండా విడివిడి ప్రాంతాలుగా కోసుకోవడం కూడా అందుకే. ఆ ఎంపిక నీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

నీ ఆశ అంత పైకి ఎందుకెళ్లిందంటే 2020 జూలైలో వచ్చిన టీజర్ వల్ల. అందులో ఉన్నదేంటి? గుహ, కత్తి, చేతిలో వెలిగే అక్షరం. మెనూ లేదు, సంభాషణ లేదు, ఒక్క ఊరి మనిషి లేడు. అయినా జనం "అబ్సిడియన్ వాళ్ల స్కైరిమ్" అని, ఆబ్లివియన్ తర్వాతొచ్చిన ఆట పేరుతో, వాళ్లంతట వాళ్లే పేరు పెట్టేసుకున్నారు. కలిసి ఆడే కో-ఆప్ ఆలోచన మానేసి, 2021లో డైరెక్టర్‌గా క్యారీ పటేల్ పగ్గాలు పట్టాక ఆట దిశే మారింది. టీజర్ మాత్రం ఇంటర్నెట్‌లో అలాగే ఉండిపోయింది. ఆట చేతికొచ్చేసరికి నాలుగున్నరేళ్లు. అన్నేళ్లు మనసులో ఆడుకున్న ఆటతో ఏ ఆటా గెలవదు.

ఒక్క విషయంలో న్యాయం పూర్తిగా నీదే: ధర. 70 డాలర్ల లేబుల్ అంటించి, ఐదు రోజులు ముందే ఆడొచ్చని ప్రీమియం ఎడిషన్‌కి ఇంకాస్త గుంజి, తర్వాత "మాది మధ్యతరగతి ఆటండీ" అంటే ఎవరికైనా మండుతుంది. నెలచందా కట్టి ఆడుకునే గేమ్ పాస్‌లో ఆడినవాడికి అంత కోపం రాలేదు, గమనించావా?

సరే, డబ్బు లెక్కలోకి వద్దాం. ఇదే అబ్సిడియన్ 2012 సెప్టెంబరులో "ప్రాజెక్ట్ ఎటర్నిటీ" అని, జనం దగ్గర ముందే డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్ సైట్‌కి వెళ్లింది, తర్వాత పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అయింది అదే. అడిగింది 11 లక్షల డాలర్లు. వచ్చింది 39 లక్షల 87 వేల దాకా, ఇచ్చినవాళ్లు దాదాపు 74 వేలమంది. "నలభై లక్షలా!" అని అప్పట్లో అందరూ నోరెళ్లబెట్టారు. ఆ లెక్క కాగితం మీద వేసి చూడు. కిక్‌స్టార్టర్ 5 శాతం తీసుకుంటుంది, కార్డు ఖర్చులు ఇంకో 3 నుంచి 5 శాతం. మిగిలేది 36 లక్షల చిల్లర. అమెరికాలో స్టూడియోలు అప్పట్లో ఒక మనిషికి నెలకి 10 వేల డాలర్లు అని మోటు లెక్క వేసుకునేవి: జీతం, ఇన్సూరెన్స్, ఆఫీసు అద్దె, కంప్యూటర్లు, లైసెన్సులు అన్నీ కలిపి. అంటే 360 మనిషి-నెలలు. 20 మంది పనిచేస్తే ఏడాదిన్నర. పనేమో రెండున్నరేళ్లు నడిచింది. ఆ డబ్బుతోనే లాగాలంటే సగటున 12 మంది. డబ్బిచ్చినవాళ్లకి పంపాల్సిన పెట్టెలు, టీషర్టులు, పోస్టేజీ ఖర్చు ఇంకా ఇందులో తీయలేదు. తక్కువపడింది కంపెనీ తన జేబులోంచి వేసుకుంది. 2014 ఏప్రిల్‌లో ఇస్తామన్న ఆట 2015 మార్చి 26న వచ్చింది.

దీనికి తోడు స్ట్రెచ్ గోల్స్, అంటే అడిగినదానికన్నా ఎక్కువ వస్తే ఇంకేం చేస్తామో ఇచ్చే హామీలు. ఇవి మన ఎన్నికల మేనిఫెస్టోల్లాంటివి, ఆ వేడిలో రాసేస్తారు, గెలిచాక లెక్క చూసుకుంటారు. 30 లక్షలు దాటితే సొంత కోట, 35 లక్షలు దాటితే రెండో మహానగరం, ఇచ్చేవాళ్లు పెరిగేకొద్దీ నేలమాళిగలో అంతస్తులు పెరుగుతాయి. చివరికి ఓడ్ నువా మాళిగ 15 అంతస్తులు తేలింది. ఐదు లక్షలు ఎక్కువ రాగానే ఒక నగరం అన్నారే, పైన వేసిన మోటు లెక్కలో అది 50 మనిషి-నెలలే. నగరమంటే నేపథ్య చిత్రాలు, ఇళ్ల లోపలి మ్యాపులు, క్వెస్టులు, వర్గాలు, పోరాటాలు, మళ్లీ అన్నిటికీ టెస్టింగ్. అందుకే మొదటి నగరం డిఫయన్స్ బేలో వీధికో గొడవ ఉంటుంది, ఆట చివర్లో వచ్చే ట్విన్ ఎల్మ్స్‌లో నడక ఎక్కువ, పని తక్కువ. కోట కూడా మొదట్లో గోడలు కట్టించి, పన్నులు చూసుకోవడమే. దానికి ప్రాణం పోసింది తర్వాత ఇచ్చిన ప్యాచ్‌లలో (సవరణల్లో).

బంగారు రంగు పేర్లతో కొంతమంది నిలబడి ఉంటారు, చూశావా? వాళ్లు డబ్బు కట్టినవాళ్లు పెట్టించుకున్న మనుషులు. ముట్టుకుంటే వాళ్ల ఆత్మకథ ఒక పేజీ వస్తుంది. కథతో వీసమెత్తు సంబంధం ఉండదు. తెలియక అందర్నీ చదివి, "ఈ ఆటలో రచన గజిబిజిగా ఉంది" అన్నవాళ్లు బోలెడుమంది.

అదే ఆటలో తక్కువ డబ్బుతో చేసిన గొప్ప పనీ ఉంది. కొండ ఎక్కాలి, కూలిన వంతెన దాటాలి అనుకో. త్రీడీలో చేయాలంటే ఆరుగురు మనుషులు తాడు పట్టుకుని ఎక్కే యానిమేషన్లు, వేర్వేరు జాతుల ఒడ్డూపొడవులకి సరిపడేలా, కెమెరాతో సహా. వాళ్లేం చేశారంటే, పాత పుస్తకంలా ఒక పేజీ తెరిచి, సిరాతో గీసినట్టున్న బొమ్మ పెట్టి, పక్కన నాలుగు పేరాలు, కింద ఎంపికలు పెట్టారు. సంచిలో కొక్కెం తాడు ఉంటే ఒక దారి, సుత్తీ ఉలీ ఉంటే ఇంకోటి, కండబలం ఉంటే మరోటి, ఏదీ లేకపోతే దెబ్బలు తగిలించుకుని వెళ్లు. ఒక బొమ్మ, ఒక రచయిత, కొన్ని షరతులు. నీకేమో కొండెక్కినట్టే ఉంటుంది. చిన్న బడ్జెట్ ఆటని కొలవాలంటే ఇలాంటి చోట కొలవాలి.

లారియన్ అనే ఇంకో ఆటల కంపెనీ సంగతీ చెప్తాను, నువ్వు వాళ్ల భక్తుడివి కాబట్టి. 2013లో ఒరిజినల్ సిన్ అనే ఆటకి కిక్‌స్టార్టర్‌లోనే 4 లక్షల డాలర్లు అడిగి 9 లక్షల 44 వేలు తెచ్చుకున్నారు. స్ట్రెచ్ గోల్స్‌లో చివరి మెట్టుగా పగలు-రాత్రి, ఊరివాళ్ల దినచర్య పెట్టారు. అవును, నువ్వు అవౌడ్‌లో అడిగిందే. ఆ మెట్టు దాటారు కూడా. తర్వాత కుదరదని తీసేశారు, తీసేస్తున్నామని ముందే చెప్పారు. ఒరిజినల్ సిన్ 2లో చివరి నగరం ఆర్క్స్ హడావిడిగా ముగిసినట్టుండేది. 2017 సెప్టెంబరులో వచ్చిన ఆటకి 2018 ఆగస్టులో డెఫినిటివ్ ఎడిషన్ ఇచ్చి దాన్ని సరిచేశారు, పీసీలో కొన్నవాళ్లకి ఉచితంగా.

ఇక అదే లారియన్ చేసిన బాల్డర్స్ గేట్ 3తో పోలిక. 2020 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మడం), 2023 ఆగస్టు 3న పూర్తి ఆట. ఆ మూడేళ్లూ మొదటి అంకం ఒక్కదాన్నే పూర్తి ధరకి, 60 డాలర్లకి అమ్మారు. 400 మంది పైచిలుకు సిబ్బంది, రెండు హిట్ల డబ్బు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత బల్లమీది ఆట పేరు. "ఇకనుంచి అన్ని ఆర్పీజీలూ (ఇలా పాత్ర పోషించి ఆడే ఆటలన్నీ) ఇలాగే ఉండాలి" అని జనం అనబోతారని తెలిసి, దీన్ని కొలబద్ద చేయకండి అని కొంతమంది డెవలపర్లు విడుదలకి ముందే మొత్తుకున్నారు. జనం వాళ్లనే ఏకిపారేశారు. అంత డబ్బున్న ఆటా పొదుపు చేసింది, చూడు: సంభాషణల్లో నీ హీరో నోరు విప్పడు. ప్రతి జవాబునీ అన్ని గొంతులతో రికార్డు చేయడం వాళ్ల వల్ల కూడా కాదు. పాత్రల ఎదుగుదలని లెవెల్ 12 దగ్గర ఆపేశారు, ఎందుకంటే 13కి వెళ్తే ఏడో స్థాయి మంత్రాలొస్తాయి, అవి కథనే తలకిందులు చేస్తాయి. నగరంలో ఎగువ భాగం లేనే లేదు. మూడో అంకంలో జనం కిక్కిరిసినచోట మంచి కంప్యూటర్లు కూడా మొదట్లో ఆయాసపడ్డాయి.

గొంతుల ఖర్చు నటుడి పారితోషికంతో అయిపోదు. ఒకసారి రికార్డయిన డైలాగు మార్చాలంటే అదే నటుణ్ని మళ్లీ స్టూడియోకి పిలవాలి. కాబట్టి రచనకి ముందే తాళం పడుతుంది. రెండు నెలల తర్వాత క్వెస్ట్‌లో లొసుగు కనిపిస్తే, రాతలో అయితే పది నిమిషాల్లో సరిచేసేది, గొంతు ఉంటే లొసుగునే వదిలేస్తారు, లేదా సీన్ కోసేస్తారు. పూర్తి వాయిస్ ఉన్న ఆటల్లో ఎంపికలు పలచబడ్డాయని గోల పెడతాం కదా, సగం కారణం ఇదే.

సమయం తక్కువైతే ఏమవుతుందో చూడాలంటే డ్రాగన్ ఏజ్ 2 ఆట పెట్టు. మొదటి భాగం 2009 నవంబరులో, ఇది 2011 మార్చిలో. ఏ గుహలోకి వెళ్లినా అదే గుహ. ఈసారి ఎడమ తలుపు మూసి రాతిపలక పెట్టారు, పోయినసారి కుడిది. తెర మూలనుండే మినీమ్యాప్ మాత్రం మొత్తం గుహని చూపించేస్తుంది, నువ్వు వెళ్లలేని గదులతో సహా! మూసేసిన చోట మ్యాప్‌ని కూడా కోసి ఉంటే సగంమంది కనిపెట్టేవాళ్లు కారు.

"మరి క్లేర్ ఆబ్స్‌క్యూర్ ఆటని 30 మంది చేయలేదా" అంటావు. ఫ్రాన్స్‌లోని మాంపెల్యేలో ఉన్న ప్రధాన బృందం అంతే. క్రెడిట్స్ చివరిదాకా చూడు: కొరియాలోని యానిమేటర్లు, వాయిస్ స్టూడియోలు, వాద్యకారులు, టెస్టర్లు, అనువాదకులు. ఖర్చు కోటి డాలర్లలోపే అని వార్తలొచ్చాయి, అది నిజంగా తక్కువే. కానీ ఏం వదిలేసుకున్నారో కూడా చూడాలి. కలిసి మాట్లాడే ఊరివాళ్లు కొద్దిమందే, దొంగతనాలు లేవు, దినచర్యలు లేవు, దారులు సన్నటి వరండాల్లా ఉంటాయి. పోరాటం, సంగీతం, ముఖాలు, వీటిమీదే కుమ్మరించారు. పైగా 50 డాలర్లకే పెట్టారు. ధరా ఆశా ఒకదానికొకటి సరిపోయాయి.

ఆశల రోగం ఆడేవాళ్లకే కాదు, డబ్బు పెట్టేవాళ్లకీ ఉంది. 2012లో కింగ్‌డమ్స్ ఆఫ్ అమలూర్ అనే ఆట మొదటి మూడు నెలల్లో 12 లక్షలకి పైగా అమ్ముడైంది. కొత్త పేరుకి అది మంచి అంకె. ఖర్చు రావాలంటే 30 లక్షలు పోవాలని అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్ర గవర్నర్ అన్నాడు. ఆట చేసిన కంపెనీ తీసుకున్న 7.5 కోట్ల డాలర్ల అప్పుకి ఆ రాష్ట్రమే పూచీ మరి. జూన్‌కల్లా కంపెనీ దివాలా.

ఇకమీదట కొనేటప్పుడు ట్రైలర్‌లో సామాను చూపించే ఇన్వెంటరీ తెర, ఒక పూర్తి సంభాషణ, ఒక ఊరి నడక కనిపించేదాకా పర్సు తీయకు. ఆటలమ్మే స్టీమ్ సైట్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కిస్తారు. నీ అలవాటు తెలుసు, నీ పాత్ర ముక్కు సైజు సవరించడానికే ముప్పావుగంట పెడతావు, అదీ ఆ రెండు గంటల్లోకే వస్తుంది. మొదటి ముఖం ఒప్పేసుకుని నేరుగా మొదటి ఊరికి వెళ్లు. ఒక క్వెస్ట్ పూర్తిచేసి, ఇచ్చినవాడి పక్కింటివాడితో మాట్లాడు. వాడికి జరిగింది తెలిసినట్టుంటే ఆ రచయితలు ఫ్లాగులు (నువ్వేం చేశావో ఆట గుర్తుపెట్టుకునే గుర్తులు) శ్రద్ధగా పెట్టారన్నమాట. చివరి అంకం ఎలా ఉందో రెండు గంటల్లో తేలదు, దానికి విడుదలైన మూడు వారాల తర్వాత వచ్చే సమీక్షలు చదువు. ఆ తొందర లేకపోతే ఏడాది ఆగు, డీఎల్‌సీలతో (తర్వాత అమ్మే అదనపు భాగాలతో) కలిపి సగం ధరకొస్తుంది.

పిల్లర్స్ మొదలుపెట్టానన్నావు కదా. బంగారు పేర్లవాళ్లని ముట్టుకోకు. ఓడ్ నువాని ఒక్కబిగిన దిగకు, మూడు అంతస్తులు దిగి పైకొచ్చేసి, రెండు లెవెల్స్ పెరిగాక మళ్లీ దిగు. కొక్కెం తాడు ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకో.

నీ
రఘు