దీవికి తీసుకెళ్లే చిన్న పడవకూ ఒక లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వర్షాలకు కృష్ణా జలాశయాలు నిండాయంటే హైదరాబాద్ కుటుంబాలు సెలవు రోజుల్లో సోమశిల, అమరగిరి, వైజాగ్ కాలనీ రేవుల దారి పడతాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ ప్రాజెక్టులు కట్టినప్పుడు లోయలు మునిగిపోగా నీటిపై మిగిలిన గుట్టల తలలే అక్కడి దీవులు. పర్యాటక శాఖ లాంచీలు వెళ్లని ఆ దీవుల్లో ఒక పూట గడపాలనుకునే వారు స్థానిక మత్స్యకారుల పడవలను అద్దెకు మాట్లాడుకుంటారు. వేట సరిగా సాగని రోజుల్లో ఆ కుటుంబాలకు ఈ అద్దె డబ్బు ఎంతో ఆసరా కాబట్టి ఈ అలవాటు పెరగాలనే నేను కోరుకుంటాను. అయితే నేను చూసిన రేవుల్లో వ్యవహారమంతా నోటిమాట మీదే నడుస్తోంది. ఆ పడవ ఎంతమందిని మోయగలదో, అవతలికి వెళ్లినవారు చీకటి పడినా తిరిగి రాకపోతే ఎవరికి తెలుస్తుందో చెప్పే కాగితం ఒక్కటీ కనబడదు.

ప్రమాదానికి మూలం చాలావరకు అద్దె మాట్లాడుకునే తీరులోనే ఉందని నా అభిప్రాయం. తలకింత అని మాట్లాడితే ఇంకో నలుగురు వచ్చేదాకా పడవవాడు ఆగుతాడు. పడవ మొత్తానికి ఇంత అని మాట్లాడితే, ఎలాగూ అదే డబ్బు కదా అని మనవాళ్లే రెండు కుటుంబాలను ఒకే పడవలో ఎక్కిస్తారు. రెండు పద్ధతుల్లోనూ లాభం బరువు పెంచడంలోనే ఉంది గనుక, పరిమితిని వారిద్దరి బేరానికి వదిలేయకూడదు. పడవ పక్కన అందరికీ కనబడేలా ఎంతమంది ఎక్కవచ్చో పెద్ద అంకెలతో రాయించి, నీరు ఏ గీత దాటి పైకి రాకూడదో రంగుతో గీయిస్తే, చదువురాని వారికి కూడా ఒడ్డునుంచే విషయం తెలుస్తుంది.

వల వేయడానికి కట్టిన పడవ ఇద్దరు ముగ్గురు మనుషులను, వలను, అడుగున పరచుకునే చేపల బరువును దృష్టిలో పెట్టుకుని కట్టినది. దానిలో అడ్డంగా బల్లలు వేసి పదిమందిని ఎత్తున కూర్చోబెడితే బరువంతా పైకి చేరుతుంది, ఫొటో కోసం నలుగురు లేచి ఒక పక్కకు జరిగితే అంచు నీటిని తాకుతుంది. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది ప్రాణాలు తీసిన పడవ, చేపల పడవను విహారానికి మార్చినదే. పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం కూడా అక్కడ తోడైంది. మన కృష్ణలోనే 2017 నవంబరు 12న విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు.

లైఫ్ జాకెట్ల విషయం ఇంకా బాధాకరం. ఉన్నవాటిలో చాలావరకు పెద్దల కొలతవే. పెద్దల జాకెట్ తొడిగిన నాలుగేళ్ల పిల్ల నీటిలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల దానిలోంచి కిందికి జారిపోతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉండాలి, భుజాల దగ్గర పట్టుకుని ఎత్తితే గడ్డం దాటి పైకి రాకూడదు. ఎక్కేముందు తల్లిదండ్రులు అరనిమిషంలో చూసుకోగల పరీక్ష ఇది. ఉక్కగా ఉందని జాకెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చునే పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి: పడవ తిరగబడ్డాక నీటిలో దాన్ని తొడుక్కోవడం ఈత వచ్చినవారికే కష్టం.

ఈ జలాశయాలకు మరో స్వభావం ఉంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. అక్కడినుంచి మట్టం దిగుతున్నకొద్దీ నిన్నటిదాకా లోతుగా ఉన్న చోట చెట్ల మోళ్లు, బండలు అందివస్తాయి. వేసవిలో సంగమేశ్వరాలయం నీటిలోంచి బయటపడటం మనకందరికీ తెలిసినదే. ఏ మోడు ఎక్కడ ఉందో ఆ రేవు మత్స్యకారునికి తెలుస్తుంది గానీ, నగరం నుంచి బోటు తెచ్చుకుని తామే నడుపుకుందామనే కుర్రవాళ్లకు తెలియదు. దీవిలో దింపి సాయంత్రం వస్తానని పడవ వెళ్లిపోయాక గాలి లేచినా, ఇంజిన్ చెడినా, ఫోన్ సిగ్నల్ అందని చోట ఆ కుటుంబం చేయగలిగింది ఏమీ ఉండదు. పైగా ఒడ్డున చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి బస మాట తలపెట్టనేకూడదు.

ప్రమాదం జరగగానే పడవలన్నీ ఆపేయడం ప్రభుత్వాలకు అలవాటైంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో బోటు మునిగిన తరువాత పాపికొండల విహారం చాలాకాలం నిలిచిపోయింది. ఆ దుర్ఘటనలో హైదరాబాద్, వరంగల్ ప్రాంతాల వారే ఎందరో పోయారు కనుక ఆ కఠినత్వాన్ని నేను తప్పుపట్టను. కానీ చిన్న రేవుల్లో నిషేధం పెడితే పడవలు ఆగవు, తెల్లవారుజామున చాటుగా తిరుగుతాయి, ఉన్న కాస్త జాగ్రత్తా పోతుంది. 2021 నాటి దేశీయ జలరవాణా నౌకల చట్టం ఇంజిన్ పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి చేసింది. ఇంజిన్ లేని పడవలను, అంటే మన పుట్టీలను, నాటు పడవలను కూడా స్థానిక స్థాయిలో నమోదు చేసుకునే వీలు కల్పించింది. మత్స్య సహకార సంఘాలు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆ నమోదు, వంతుల ప్రకారం పడవలు పంపడం, జాకెట్లు భద్రపరచడం సంఘానికే అప్పగిస్తే అద్దె డబ్బు దళారుల పాలు కాకుండా నేరుగా మత్స్యకారులకే చేరుతుంది.

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల కలెక్టర్లు వచ్చే దసరా సెలవుల లోగా రెండు పనులైనా చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మొదటిది, అద్దెకు తిరిగే ప్రతి పడవపై సంఖ్య, పరిమితి రాయించడం. రెండవది, ఏ పడవలో ఎవరు ఏ దీవికి వెళ్లారు, ఎప్పుడు తిరిగి రావాలి అన్నది రేవులో ఒక పుస్తకంలో రాయించి, చీకటి పడేసరికి దాన్ని సరిచూసే బాధ్యత ఒక మనిషికి అప్పగించి, అతనికి జీతం ఇప్పించడం.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కర్మన్‌ఘాట్, హైదరాబాద్