పద్మనాభం యుద్ధానికి ఓ బోర్డు కరవా?

గోస్తనీ నది ఒడ్డున ఉన్న పద్మనాభంలో 1794 జూలై 10 నాటి యుద్ధ స్మారకానికి దారి చూపే బోర్డు నాకెక్కడా కనిపించలేదు. పేష్కష్ (కప్పం) బకాయిల కోసం మీదికొచ్చిన ఈస్టిండియా కంపెనీ సేనను ఎదిరించి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగిన చోటిది. మొన్న బస్సు దిగి ముగ్గుర్ని అడిగితే, ముగ్గురూ అనంతపద్మనాభస్వామి కొండ మెట్లవైపే వేలు చూపారు. బొబ్బిలి యుద్ధం పిల్లలకూ తెలుసు. 37 ఏళ్ల తర్వాత జరిగిన ఈ పోరు పెద్దలకే గుర్తులేదు. బస్సులు ఆగేచోట, మెట్ల మొదట్లో యుద్ధ వివరాలు, దారి పటం చెక్కిన రాతి పలకలు నిలపాలి. ఫ్లెక్సీలు మాత్రం వద్దు, ఒక్క గాలివానకే చిరిగి చెట్లకు వేలాడతాయి.

- ఒక పాఠకుడు, విజయనగరం