కలుషిత భూముల శుద్ధికి పాత వర్షపాత లెక్కలు చాలవు

సంపాదకులు గారికి,

మూతపడిన కర్మాగారాల స్థలాలు, పాత చెత్త గుంతలు, రసాయన వ్యర్థాలు పూడ్చిన నేలలు వంటి కలుషిత భూములను శుద్ధి చేయించే చట్టాలు అనేక దేశాల్లో ఉన్నాయి. విషాన్ని పూర్తిగా తవ్వి తరలించడం భారీ ఖర్చుతో కూడిన పని కనుక, చాలాచోట్ల దాన్ని అక్కడే ఉంచి, పైన బంకమట్టినో ప్లాస్టిక్ పొరనో రాళ్లనో కప్పి, పని పూర్తయినట్టు ధ్రువీకరిస్తున్నారు. ఆ కప్పు ఎంత వానను, ఎంత వరదను తట్టుకోవాలన్నది మాత్రం ఎక్కువగా గడిచిన దశాబ్దాల వర్షపాత రికార్డులను బట్టే నిర్ణయిస్తూ వచ్చారు. వాతావరణమే మారిపోతున్నప్పుడు ఆ లెక్క చెల్లదు.

అమెరికాలోని టెక్సాస్‌లో, శాన్ జసింటో నది ఒడ్డున 1960లలో కాగితపు మిల్లు వ్యర్థాలను గుంతల్లో పోశారు. కాలక్రమంలో నేల కుంగి ఆ గుంతలు కొంత నదిలోకి చేరగా, 2011లో వాటిపై పొర పరచి రాళ్లు పేర్చారు. 2017లో హార్వే తుఫాను వరదకు ఆ కప్పు దెబ్బతింది. తర్వాత అక్కడ తీసిన ఒక నమూనాలో కిలో మట్టికి 70,000 నానోగ్రాములకు పైగా డయాక్సిన్ అనే తీవ్ర విష రసాయనం బయటపడింది. శుద్ధికి నిర్దేశించిన పరిమితి 30 మాత్రమే. ఇది ఒక్కచోటి సమస్య కూడా కాదు. ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2019లో పరిశీలించిన 1,571 కలుషిత స్థలాల్లో 945, అంటే దాదాపు 60 శాతం, వరదలు, ఉప్పెనలు, కార్చిచ్చులు, సముద్రమట్టం పెరుగుదల వంటి వాటి ప్రభావం పడగల ప్రాంతాల్లోనే ఉన్నాయి.

పైనుంచి వచ్చే నీటికన్నా కిందినుంచి వచ్చే నీటి గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. సముద్రమట్టం పెరిగే కొద్దీ తీర ప్రాంతాల్లో భూగర్భ జలమట్టం కూడా పైకి వస్తుంది. నేల మీద చుక్క నీరు కనిపించకముందే అది పూడ్చిన వ్యర్థాలను తాకగలదు. పైన ఎంత మందపు కప్పు వేసినా అక్కడ ప్రయోజనం ఉండదు. నీట నానిన మట్టిలో గాలి ఆడకపోతే, మట్టిలో తుప్పులా ఉండే ఇనుప ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా నీటిలోకి వదులుతుంది. ఎండిన నేలలో కదలకుండా ఉన్న విషం తడిసిన నేలలో బావుల వైపు ప్రయాణం కడుతుందన్నమాట. కరవు వస్తే బంకమట్టి పొర బీటలు వారి, తర్వాతి వానకు దారి ఇస్తుంది. ఆర్కిటిక్ ప్రాంతంలోనైతే చమురు తవ్వకాల వ్యర్థాలను, గడ్డకట్టిన నేల ఇక కరగదన్న నమ్మకంతోనే గుంతల్లో పూడ్చారు. ఇప్పుడు ఆ నేల కరుగుతోంది.

సీసం, ఆర్సెనిక్ వంటివి ఎన్నేళ్లు గడిచినా విచ్ఛిన్నం కావు. కనుక వాటిని కప్పి ఉంచే నిర్మాణం కూడా అవి ప్రమాదకరంగా ఉండే కాలమంతటికీ, ఆ కాలంలో రాగల వానలకు, వేడికి, జలమట్టానికి సరిపోవాలని నిబంధనల్లోనే రాయాలి. అలా సరిపోదని తేలిన పల్లపు స్థలాల్లో కప్పి వదిలేయడాన్ని అనుమతించక, తవ్వి తీయించాలి. వ్యర్థాలను అక్కడే ఉంచిన స్థలాలను ఐదేళ్లకోసారి సమీక్షించాలని అమెరికా చట్టం చెబుతోంది. మంచిదే, కానీ వరద ఆ గడువు చూసుకుని రాదు. పెద్ద వరద, తుఫాను, కార్చిచ్చు వచ్చిన ప్రతిసారీ నీటి, మట్టి నమూనాలు తీసి ఫలితాలను చుట్టుపక్కల ప్రజల ముందుంచడం తప్పనిసరి చేయాలి.

భవిష్యత్ అంచనాలు కచ్చితంగా ఉండవని, ఖర్చు పెరుగుతుందని కొందరు నిపుణులు అభ్యంతరం చెప్పవచ్చు. అంచనాల్లో తేడాలున్న మాట నిజమే, అయితే గత రికార్డులే ఇకముందూ కొనసాగుతాయనుకోవడం కూడా ఒక అంచనాయే, అందులోనూ తప్పని తేలిపోతున్న అంచనా. ఖర్చు విషయానికొస్తే, కలుషితం చేసిన సంస్థ నుంచి దీర్ఘకాలిక నిర్వహణకు ముందే పూచీ సొమ్ము జమ చేయించుకోవాలి. లేకపోతే సంస్థ చేతులు దులుపుకున్నాక ఆ భారం ఆ నీళ్లు తాగే వారి మీదే పడుతుంది. ఇదివరకే ధ్రువీకరణ పొందిన స్థలాలను కూడా వదిలేయకూడదు. నదుల ఒడ్డున, సముద్ర తీరాన ఉన్నవాటితో మొదలుపెట్టి, వాటి ధ్రువీకరణలను పునఃపరిశీలించే అధికారాన్ని నియంత్రణ సంస్థలకు చట్టమే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు