ఇకనుంచి డిజైన్ చార్జీ వేరు, ప్రింటింగ్ బిల్లు వేరు: మా కస్టమర్లకు

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల 'డిజైన్ ఫ్రీ' అని బోర్డులున్నప్పుడు ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. ఏండ్ల తరబడి మా దగ్గరికే వస్తున్నారు కాబట్టి లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాం.

మొన్న మాఘమాసం లగ్గాలకు, మేం డిజైన్ చేసి ప్రింటింగ్‌కు పని ఇచ్చే ప్రెస్సు ఒకటి పెండ్లికార్డులు పాడుచేసింది. మేం పంపింది కర్వ్స్ చేసిన పీడీఎఫ్. అక్షరాలన్నీ గీతలుగా మారిపోతాయి కాబట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. కార్డు సైజుకు పేరు పట్టట్లేదని ప్రెస్సువాళ్లు ఆ లైను తీసేసి తామే మళ్లీ టైప్ చేశారు. మేం వాడిన ఫాంటు వాళ్ల దగ్గర లేదు. పెండ్లిపిల్ల పేరులో మ-వత్తు ఎగిరిపోయి 'లక్ష్మి' కాస్తా 'లక్షి' అయింది. ఒక్క శాంపిల్ చూపించకుండా లాట్ మొత్తం కొట్టేశారు. పైగా రీప్రింట్ ఖర్చులో సగం మమ్మల్నే పెట్టుకొమ్మన్నారు. ఆ ఇంటివాళ్లు మా పేరు చూసి పని ఇచ్చారు, ప్రెస్సు పేరు చూసి కాదు. రీప్రింట్ వేరేచోట మా పైసలతో చేయించాం. ఆ ప్రెస్సుకు మళ్లీ పని ఇవ్వం, రేటు ఎంత తగ్గించినా సరే.

ఇట్లాంటిది జరగడానికి అసలు కారణం డిజైన్ ఖర్చును ప్రింటింగ్‌లో దాచడమే. 6×4 ఫ్లెక్సీ అంటే 24 చదరపు అడుగులు. అడుగుకు 15 రూపాయలనుకుంటే 360. ప్రెస్సుకు అడుగుకు 9 ఇస్తే 216 పోయి, మిగిలేది 144. అందులోనే డిజైన్, కరెక్షన్లు, ఫొటో కటింగ్. ఆ పైసలు గిట్టాలంటే ఎవరైనా చేసేది రెండే: పాత ఫైల్లో పేరు మార్చి ఇవ్వడం, లేదా చవక ప్రెస్సును వెతకడం. మేడారం జాతర ముందు రోడ్ల మీద అన్ని ఫ్లెక్సీలూ ఒకే తీరుగా కనిపించేది అందుకే. రేటు విడదీస్తే పాత కస్టమర్లు పోతారేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ ఆగాం. పోయినా సరే, 'ఫ్రీ' బోర్డు మాత్రం పెట్టం.

మా రేటు ఎట్లా వచ్చిందంటే: షట్టర్ కిరాయి, కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్, ఇంటి ఖర్చు, 90,000 కంప్యూటర్‌ను మూడేండ్లకు పంచితే నెలకు 2,500, ఇవన్నీ కలిపి నెలకు 52,000. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208. ఫోన్లు, ప్రెస్సు చుట్టూ తిరగడం, బాకీలు అడగడం పోను డిజైన్‌కు దక్కేది సగం, 104 గంటలు. అంటే గంటకు 500. పెండ్లికార్డుకు నాలుగు గంటలు పడుతుంది, 2,000. లోగోకు 24 గంటలు, 12,000. రెండుసార్ల కరెక్షన్లు అందులోనే. మూడోసారి నుంచి గంటల లెక్క. సగం అడ్వాన్సు.

ప్రింటింగ్‌కు ప్రెస్సు బిల్లు ఎంతుంటే అంతే, మా కమీషన్ ఉండదు. మీకు తెలిసిన ప్రెస్సులో కొట్టించుకున్నా సంతోషమే, పీడీఎఫ్ ఇస్తాం. మా ద్వారా అయితే ముందు ఒక్క కార్డు కొట్టించి, మీ సంతకం అయ్యాకే మిగతావి. రంగులు కూడా ఆ కార్డు మీదే చూసుకోండి. ఫోన్‌లో మెరిసే చిలకపచ్చ నాలుగు ఇంకుల ప్రింటింగ్‌లో అట్లా రాదు, కొంచెం చప్పబడుతుంది.

లోగో తీసుకునే షాపులవాళ్లు ఒకటి గమనించాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి డిజైనర్ గీసిన లోగో హక్కు, కాగితం రాసుకోకపోతే, గీసినవాళ్లదే. హక్కు రాసిచ్చినా ఎన్నేండ్లకో రాయకపోతే 5 ఏండ్లకే చెల్లుతుంది, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. మేం శాశ్వతంగా, అన్నిచోట్లకూ అని రాసి సంతకం పెట్టి ఇస్తాం. అది 12,000లోనే ఉంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటే. శ్రావణంలో లగ్గాలున్నవాళ్లు ముహూర్తానికి నెల ముందు, పేర్లన్నీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, మ్యాటర్ కాగితం మీద రాసి తేండి. వారంలోపల కావాలంటే డిజైన్ చార్జీ ఒకటిన్నర రెట్లు.