ఉత్తరాల కింద చిరునామాలు: మన పాఠకుల సంఘం 2025 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. కిందటి సమావేశంలో చేసుకున్న తీర్మానం ప్రకారం ఈ ఏడాది నెలవారీ గోష్ఠులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ నడిచాయి. వైజ్ఞానిక కల్పనలన్నా అద్భుత కథలన్నా ప్రాణం పెట్టేవారు ఒకప్పుడు ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవారు, ఆ ఇష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడేవారు. ఇప్పుడు అమలాపురంలోనూ భీమవరంలోనూ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి అవే కథలను థియేటర్లలో చూస్తున్నారు. ఈ మార్పు ఎవరి వల్ల, ఏ దారిన వచ్చిందన్నదే మన ప్రశ్న.

ఎక్కువ కాలం చర్చించింది పాఠకుల చిరునామాల గురించి. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ న్యూయార్క్ నుంచి ‘అమేజింగ్ స్టోరీస్’ అనే వైజ్ఞానిక కల్పనల పత్రికను ప్రారంభించి, కొంతకాలానికి అందులో పాఠకుల ఉత్తరాలను వారి పూర్తి చిరునామాలతో సహా అచ్చువేయడం మొదలుపెట్టారు. దానితో అంతవరకు సంపాదకుడికే రాస్తున్న పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, ఒకే ఊరివాళ్ళయితే కలుసుకున్నారు, క్లబ్బులు పెట్టుకుని 1930 నాటికి సొంతంగా చిన్న పత్రికలు కూడా తీసుకువచ్చారు. 1939 జులైలో న్యూయార్క్‌లో జరిగిన వైజ్ఞానిక కల్పనల అభిమానుల మొదటి ప్రపంచ సమ్మేళనానికి వచ్చినవారు సుమారు 200 మంది. ఆ సమ్మేళనమే 1953లో ఇవ్వడం మొదలుపెట్టిన పురస్కారాలు గెర్న్స్‌బాక్ పేరుమీదనే హ్యూగో అవార్డులుగా స్థిరపడ్డాయి. జీతం తీసుకోకుండా, సెలవు రోజుల్లో, సొంత డబ్బుతో పాఠకులు నిలబెట్టిన వ్యవస్థ అది.

ఆ వ్యవస్థ బలమెంతో ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష యాత్రల టెలివిజన్ ధారావాహిక విషయంలో తెలిసింది. 1966లో మొదలైన ఆ ధారావాహికను రెండో ఏడాదితో ఆపేస్తారన్న మాట రాగానే అభిమానులు టెలివిజన్ సంస్థకు ఉత్తరాలు కుప్పలుగా పంపారు, మూడో ఏడాది కూడా అది ప్రసారమైంది. 1972 జనవరిలో న్యూయార్క్‌లో దాని అభిమానులు సమ్మేళనం పెట్టుకుంటే, నిర్వాహకులు వందల్లో వస్తారనుకున్న జనం వేలల్లో వచ్చారు. 1976లో అమెరికా తన మొదటి అంతరిక్ష షటిల్‌కు ఆ ధారావాహికలోని నౌక పేరే, ఎంటర్‌ప్రైజ్ అని పెట్టడం వెనుక కూడా అభిమానుల ఉత్తరాలే ఉన్నాయి. శాన్ డియేగోలో 1970 ఆగస్టులో సుమారు 300 మందితో జరిగిన కామిక్స్ సమ్మేళనానికి ఇటీవలి సంవత్సరాలలో లక్షా ముప్పై వేలకు పైగా వస్తున్నారు. ‘స్టార్ వార్స్’ సినిమా వచ్చింది 1977లో. కాబట్టి పెద్ద సినిమాలే ఈ అభిమానాన్ని పుట్టించాయన్న మాట సగమే నిజమని, పెట్టుబడి వచ్చేసరికే జనం అక్కడ సిద్ధంగా ఉన్నారని మన గోష్ఠి అభిప్రాయపడింది. ఈ అభిప్రాయాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

మన డెల్టా సంగతి వేరు. ఇక్కడ అద్భుతం ఎన్నడూ మూలన లేదు. తోలుబొమ్మలాటలోనూ హరికథలోనూ జానపద చిత్రాలలోనూ అది ఊరుమ్మడి సొత్తు. చదువుకున్న పెద్దలే దానిని పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టారు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’లో 1954 నుంచి ‘తోకచుక్క’ వంటి ధారావాహికలు వస్తే, నెలనెలా విడదీసి బైండు చేయించుకున్న ఇళ్ళు మన లంక గ్రామాలలో కూడా ఉన్నాయి. అయితే పత్రికలో ఆ కథల మీద రచయిత పేరు ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారే వాటిని రాశారని చాలామందికి ఎన్నో ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. రచయిత పేరే తెలియని పాఠకుడికి, అదే కథ కోసం ఎదురుచూస్తున్న పక్క ఊరి పాఠకుడి సంగతి ఎలా తెలుస్తుంది? ఇక్కడ హీరోల అభిమాన సంఘాలు వీధికొకటి వెలిశాయి గాని, కథల అభిమాన సంఘాలు ఏర్పడలేదు. ఆ లోటును అద్దె పుస్తకాల షాపులు కొంతవరకు తీర్చాయి. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో షాపాయనకు తెలుసు కాబట్టి, మన సంఘంలోని పెద్దల్లో కొందరు ఆ షాపు మెట్ల మీదే ఒకరికొకరు పరిచయమయ్యారు.

మే గోష్ఠి అందరికీ గుర్తుండిపోతుంది. 1990 మే 9న, కోస్తాను పెనుతుపాను ముంచెత్తిన రోజునే విడుదలైన ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ ఈ ఏడాది అదే తేదీన మళ్ళీ థియేటర్లకు వచ్చింది. అప్పట్లో మోకాలిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి చూసిన సభ్యులు, ఇప్పుడు మనవలతో చూసి వచ్చి మాట్లాడారు. వారి మనవలకు ‘కల్కి 2898 ఏడీ’ కొత్త వింత కాదు, అలవాటైన కథే. ఆ ఇద్దరి మధ్య ముప్పై అయిదేళ్ళ చరిత్ర ఉంది. దానిని ఆ రోజు రికార్డు చేయకపోవడం మన లోపం, ఈ ఏడాది సరిదిద్దుకోవాలి.

అక్టోబరు చివర నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను వల్ల ఆ నెల గోష్ఠి రద్దయింది. బైండు సంపుటాలను ముందురోజే మేడ మీదికి చేర్చిన యువ సభ్యులకు సంఘం రుణపడి ఉంది. పిల్లలకు కథాపఠనం పెట్టడానికి ఒక పాఠశాలను అడిగితే చదువు పాడవుతుందని నిరాకరించారు. మళ్ళీ అడుగుతాం. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

2026 ఏప్రిల్‌కు ఆ ఉత్తరాలు అచ్చువేసిన పత్రిక పుట్టి నూరేళ్ళు నిండుతాయి. ఆ నెలలో మనం కూడా ఒక చిన్న సంచిక వెలువరించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ప్రతి సభ్యుడూ తాను మొదట చదివిన అద్భుత కథ గురించి ఒక పేజీ రాసి, కింద ఊరి పేరు, సమ్మతి ఉంటే చిరునామా కూడా వేసి, ఫిబ్రవరి నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.