సైకిల్ ఈవెంట్ల చెత్త: ఫిర్యాదు నిర్వాహకుల చేతికి అందాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు వెనక్కు తగ్గి చలి మొదలయ్యేసరికి హైదరాబాద్ సైకిల్ ప్రియులు మా వైపు బయలుదేరతారు. శంకరపల్లి, చేవెళ్ల మీదుగా వికారాబాద్ అనంతగిరి కొండల దాకా ఆదివారం పొద్దున్నే వరుసలు కట్టి కనిపిస్తారు. కొన్ని వారాల్లో ఇవి స్నేహితుల షికార్లు కావు. ప్రవేశ రుసుము తీసుకుని, పాల్గొనేవాళ్లకు నంబర్లు ఇచ్చి, దారి పొడవునా బాణం గుర్తులు కట్టి, మధ్యలో నీళ్లూ అరటిపళ్లూ పెట్టిన బల్లలతో నడిపే పెద్ద కార్యక్రమాలు. నేను ఈ ప్రాంతం వాణ్ణి, ఇవే రోడ్ల మీద సైకిల్ తొక్కేవాణ్ణి కూడా. ఈ కార్యక్రమాలు సాగాలనే నా కోరిక. అవి ముగిశాక రోడ్డు పక్కన మిగిలే చెత్త చూసి మా ఊళ్లలో కోపం పెరుగుతోంది. ఆ కోపం చేరవలసినవాళ్లకు చేరడం లేదని చెప్పడానికే ఈ లేఖ.

మిగిలేది ఏమిటో వివరంగా చెప్పాలి. నీళ్ల సీసాలు అందరికీ కనిపిస్తాయి. వాటిని ఎవరో ఒకరు ఏరుకుని తూకానికి వేస్తారు. మిగిలిపోయేది జెల్ పొట్లం. చక్కెర పాకం లాంటి ఈ పదార్థాన్ని అలుపు తీరడానికి సైకిల్ మీద వెళుతూనే తింటారు. పంటితో పై అంచు చింపి నోట్లోకి పిండుకుంటారు. ఆ చింపిన ముక్క గోరంత ఉంటుంది. పొట్లాన్ని జేబులో దాచుకునే బుద్ధిమంతుడి చేతిలోంచి కూడా ఆ ముక్క గాలికి ఎగిరిపోతుంది. పొట్లం లోపల వెండి రంగు పొర, బయట ప్లాస్టిక్. రెండూ విడదీయరానివి కాబట్టి పాత సామాను వ్యాపారి దాన్ని ముట్టుకోడు. జిగురుకు చీమలు పడతాయి, తీపి వాసనకు మేకలు మూతి పెడతాయి. మా ఊరి పారిశుద్ధ్య కార్మికురాలు ఒకరోజు గుప్పెడు పొట్లాలు నాకు చూపించి, “సీసాలైతే అమ్ముడుపోతాయి సార్, వీటిని ఏం చేసుకోను?” అని అడిగింది. బాణం గుర్తులు కట్టడానికి వాడిన కేబుల్ టైలు, అంటే బిగించే ప్లాస్టిక్ పట్టీలు, చెట్లకు అలాగే ఉండిపోతాయి. కత్తిరించిన వాటి కొనలు చెట్టు మొదట్లో పడి ఉంటాయి. కొమ్మ లావెక్కే కొద్దీ ఆ పట్టీ బెరడులోకి దిగుతుంది.

ఇదంతా తలపొగరుతో చేసిందే అనుకుంటే పొరపాటు. సైకిల్ చొక్కాకు జేబులు వీపు మీద ఉంటాయి. చెమట చేత్తో ఫోను తీస్తుంటే దాని వెంట ఖాళీ పొట్లమూ జారిపడుతుంది. వెనక పడింది కాబట్టి పడేసినవాడికే తెలియదు. కావాలని విసిరేసేవాళ్లూ ఉన్నారు, కాదనను. వాళ్ల మీద చర్య ఉండాల్సిందే. ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టి తిడితే మాత్రం మొదటివాడికి కోపం వస్తుంది, రెండోవాడికి చీమకుట్టినట్టయినా ఉండదు.

ఈ చెత్త ఎక్కడికి వెళుతుందో కూడా ఆలోచించాలి. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. 1908 వరదల తర్వాత దాని మీద కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఆ జలాశయం నీళ్లు నగరవాసులు తాగారు, నేటికీ తాగుతున్నారు. రోడ్డు వారగా పడిన పొట్లం వర్షానికి కాలువలో పడుతుంది, కాలువ వాగులో కలుస్తుంది, వాగు మూసీలో కలుస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ పారేసినది తిరిగి హైదరాబాద్ దారే పడుతుంది.

ఇక ఫిర్యాదుల సంగతి. ఒక కార్యక్రమం ముగిసిన రోజు సాయంత్రం మా ఊరి వాట్సాప్ గ్రూపు ఫొటోలతో నిండిపోయింది. “పట్నంవాళ్లకు మన ఊరంటే చెత్తకుండీ”, “వచ్చేసారి సైకిళ్లను ఆపేద్దాం”, “పంచాయతీ తీర్మానం చేయాలి” అని ఎవరికి తోచింది వాళ్లు రాశారు. అంత రాసినా ఒక్క ఫొటో కూడా ఆ కార్యక్రమం నడిపినవాళ్లకు వెళ్లలేదు. వాళ్ల ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. వెతికితే రుసుము కట్టే పేజీ దొరికింది తప్ప ఫిర్యాదు చెప్పుకునే చోటు కనిపించలేదు. ఇందులో తప్పు రెండు వైపులా ఉందని నా అభిప్రాయం. పెద్ద భాగం నిర్వాహకులదే.

తర్వాత మరో కార్యక్రమం జరిగినప్పుడు నేను నిర్వాహకులకు నేరుగా రాశాను. చెత్త ఎక్కువగా పడిన చోట్లను కిలోమీటరు రాళ్ల గుర్తుతో చెప్పాను. ఏ సమయానికి చూశానో రాశాను, ఫొటోలు జత చేశాను. ముఖ్యంగా ఒక విషయం రాశాను: బల్ల పక్కనే పెట్టిన చెత్తబుట్ట ఖాళీగా ఉంది, దానికి రెండు మూడు వందల మీటర్ల అవతల రోడ్డంతా కప్పులే. కారణం తేలికగానే అర్థమవుతుంది. సైకిల్ మీద వచ్చినవాడు అరటిపండో కప్పో అందుకుని కదులుతూనే తాగుతాడు, తింటాడు. చేతిలోది ఖాళీ అయ్యేసరికి బుట్ట వెనకబడిపోతుంది. బుట్టను ముందుకు జరపండి, అది కనిపించేలా ఒక జెండా పెట్టండి అని అడిగాను. వాళ్లు జవాబిచ్చారు, మర్నాడు బండి పంపి ఏరించారు, తర్వాతి కార్యక్రమంలో బుట్ట జరిగింది. వేరొక బృందానికి ఇలాగే రాస్తే ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. అందరూ మంచివాళ్లేనని నేను చెప్పను. వివరంగా చెప్పిన ఫిర్యాదును పట్టించుకోకపోవడం కష్టమని మాత్రం చెప్పగలను.

ఈ సమస్య ప్రపంచ స్థాయి పోటీల్లోనూ ఉంది. కేటాయించిన చోట్ల తప్ప సీసాలు, పొట్లాలు పారేయకూడదనే కఠిన నిబంధనను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టింది. మూడు రోజులకే, బెల్జియంలో జరిగిన టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌లో స్విట్జర్లాండ్ ఆటగాడు మైకేల్ షేర్ తన సీసాను దారి పక్కన నిలబడ్డ అభిమానుల వైపు విసిరాడు. అతన్ని పోటీ నుంచి తప్పించారు. చిన్నప్పుడు ఒక ఆటగాడి సీసా చేతికి దక్కడం తనను ఈ ఆటవైపు ఎలా లాగిందో ఆయన బహిరంగంగా రాశాడు. తోటి ఆటగాళ్లూ శిక్ష మరీ ఎక్కువైందని వాదించారు. అదే నెలలో సమాఖ్య శిక్షను తగ్గించి, తొలిసారి తప్పుకు జరిమానాతో, పాయింట్ల కోతతో సరిపెట్టింది. పారేయడానికి చోట్లు కేటాయించే పద్ధతి మాత్రం అలాగే ఉంది. నిబంధన అవసరాన్ని ఒప్పుకుంటూనే, అందులో తమకు ఎక్కడ ఇబ్బందో ఆటగాళ్లు సూటిగా చెప్పారు, చెప్పవలసినవాళ్లకే చెప్పారు. మనం ఫిర్యాదు చేసేటప్పుడు ఈ పద్ధతి నేర్చుకోవచ్చు.

మా ఊరివాళ్లకు నేను చెప్పేదీ అదే. చెత్త కనిపించిన రోజే రాయండి. అప్పటికి నిర్వాహకుల బళ్లు, వాలంటీర్లు ఇంకా దారిలోనే ఉంటారు. వారం తర్వాత రాస్తే ఆ పొట్లాలు ఎవరివని అడుగుతారు, మన దగ్గర జవాబు ఉండదు. వెళుతున్న సైకిల్‌ను మోటారు సైకిల్ మీద వెంబడించి నిలదీయడం, వీడియో తీయడం వద్దు, ప్రాణాల మీదికి వస్తుంది. పారేసినవాడి నంబరు కనిపిస్తే రాసుకుని నిర్వాహకులకే పంపండి. ఆ నంబరు ఎవరిదో వాళ్ల జాబితాలో ఉంటుంది. మనిషి ముఖాన్ని ఊరంతా తిప్పనక్కర్లేదు. జవాబు రాకపోతే పంచాయతీ కార్యదర్శికి, మున్సిపాలిటీ అయితే కమిషనర్‌కు అదే లేఖ నకలు ఇవ్వండి.

“రోడ్డు మీద చెత్తంతా సైకిళ్లవాళ్లదేనా?” అని నా సైకిల్ మిత్రులు అడుగుతారు. కాదు. అనంతగిరికి విహారానికి వచ్చే కార్లవాళ్లు పడేసే మద్యం సీసాలు, బిర్యానీ డబ్బాలు ఇంతకు ఎన్నో రెట్లు. మా పెళ్లిళ్ల ఫ్లెక్సీలు నెలల తరబడి వేలాడుతుంటాయి. అయితే కారులోంచి విసిరినవాడు ఎవరో ఎవరికీ తెలియదు. నంబరు ఇచ్చి, రుసుము తీసుకుని, దారి నిర్ణయించి పంపిన కార్యక్రమానికి ఒక నిర్వాహకుడు ఉన్నాడు, ఒక జాబితా ఉంది. బాగు చేయడానికి వీలున్న చోట ముందుగా బాగు చేయమని అడగడంలో అన్యాయం ఏముంది?

చట్టం కూడా ఇదే చెబుతోంది. లైసెన్సు లేని చోట వందమందికి మించి కార్యక్రమం పెట్టేవాళ్లు కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. చెత్తను వేరుచేసి సేకరించేవారికి అప్పగించే బాధ్యతను నిర్వాహకుల మీదే పెట్టాయి. అవి ప్రధానంగా పట్టణాల కోసం రాసినవి. వికారాబాద్, శంకరపల్లి మున్సిపాలిటీలు పాటించమనే క్రమశిక్షణ వాటి మధ్యనున్న పల్లెలకు మాత్రం ఎందుకు వద్దు? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాలు, వంద మైక్రాన్లలోపు మందం ఉన్న ప్లాస్టిక్ బ్యానర్లు దేశమంతటా నిషేధం. కాగితం కప్పులు వాడుతున్నామని కొందరు తృప్తి పడుతున్నారు. నీళ్లు కారకుండా వాటి లోపల కూడా సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ప్రతి సైకిల్‌కూ సీసా పెట్టుకునే చోటు ఉంటుంది. 20 లీటర్ల క్యాన్లు పెట్టి ఎవరి సీసా వాళ్లు నింపుకోమంటే కప్పుల అవసరమే ఉండదు.

రాబోయే చలికాలానికి నిర్వాహకులను కోరేది ఎక్కువేమీ కాదు. రుసుము కట్టే పేజీలో, ప్రతి బాణం గుర్తు కింద, ఫిర్యాదులకు ఒక ఫోను నంబరు వేయండి. ఆ ఫోను ఎత్తే మనిషిని పెట్టండి. అందరికంటే చివర వచ్చే బండి బాణం గుర్తులను, కేబుల్ టైలను కొనలతో సహా విప్పుకుంటూ రావాలి. జెల్ పొట్లాల మీద పాల్గొనేవాళ్ల నంబరు చెరగని సిరాతో రాయిస్తే చాలామంది చేతులు వాటంతట అవే జేబుల వైపు వెళతాయి. వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద చేసిన పని కార్యక్రమం తర్వాత నాలుగు ముక్కల్లో ప్రకటించండి.

మా పంచాయతీకి ఇచ్చిన వినతిపత్రంలో సైకిళ్లను ఆపమని నేను రాయలేదు. ఫిర్యాదు నంబరు లేని కార్యక్రమానికి మా ఊరి మీదుగా దారి ఇవ్వవద్దనీ, మర్నాడు మధ్యాహ్నంలోగా దారి శుభ్రం చేస్తామని నిర్వాహకుల సంతకం తీసుకోవాలనీ రాశాను. మిగతా గ్రామాల సర్పంచులు కూడా ఈ రెండు షరతులు పెట్టాలని కోరుతున్నాను. ఏ రోజు, ఏ దారిన కార్యక్రమం ఉందో ముందుగా చెబితే, మా ఊరి పొలిమేర వరకు బుట్టలు పెట్టడానికీ ఏరడానికీ మా యువకులు కొందరు సిద్ధంగా ఉన్నారు. వాళ్లను పిలవండి.

– ఒక పాఠకుడు, చేవెళ్ల ప్రాంతం, రంగారెడ్డి జిల్లా